పాత బొలేరో ఇంజిన్‌కి రెండు టర్బోలు కట్టొచ్చా? కట్టొచ్చు, కానీ నీ 150కి ఒకటి చాలు

బాబూ, ముందు నీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు చెబుతాను. పాత బొలేరోది 2523 సీసీ డీఐ (డీజిల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే రకం) ఇంజిన్ ఒకటి తుక్కు కొట్టులో కొన్నావు. డీజిల్ పంపు మెకానికల్‌ది. 1.3 లీటర్ల డీజిల్ కారుది ఒక చిన్న టర్బో (ఎగ్జాస్ట్, అంటే ఇంజిన్ వదిలే పొగ, తోస్తే తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నొక్కే చక్రం), లారీది ఒక పెద్ద టర్బో కూడా అక్కడే దొరికాయి. ఇంటి షెడ్డులో వెల్డింగ్ మిషన్ ఉంది. ఆ రెండూ కట్టి, కంపెనీ ఇచ్చిన 63 హార్స్‌పవర్‌ని 150 చేయాలి, పొలంలోనే నడుపుతాను, రోడ్డెక్కించను అంటున్నావు. (నన్ను "అన్నా" అన్నావు గానీ నాకు యాభై నాలుగేళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు, టర్బోల పని మొదలుపెట్టి ఇరవై ఎనిమిదేళ్లయింది. అందుకే నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.)

సూటిగా చెప్పాలంటే: కట్టొచ్చు, ఇంట్లోనే కట్టొచ్చు. కానీ 150కి రెండు టర్బోలు అక్కర్లేదు. సరైన సైజుది ఒక్కటి, టర్బో నొక్కిన గాలిని చల్లార్చే మంచి ఇంటర్‌కూలర్ ఒకటి ఉంటే సరిపోతుంది. నీ దగ్గరున్న ఆ రెండు టర్బోలు మాత్రం ఒకదానికొకటి జోడీ కావు.

ఎందుకంటావా? కాగితం, పెన్ను తీసుకో.

టర్బో పవర్ ఇవ్వదు. పవర్ ఇచ్చేది డీజిల్. ఆ డీజిల్ నల్లపొగ కాకుండా మండడానికి గాలి అందించేది టర్బో. 150 హార్స్‌పవర్ అంటే దాదాపు 112 కిలోవాట్లు. నీలాంటి పాత ఇంజిన్ గంటకి ఒక్కో కిలోవాట్‌కి 240 గ్రాముల డీజిల్ తాగుతుందనుకుందాం. గంటకి 27 కిలోలు, నిమిషానికి 0.45 కిలో. పొగ రాకుండా మండాలంటే ఒక కిలో డీజిల్‌కి 20 కిలోల గాలి ఇవ్వాలి. అంటే నిమిషానికి 9 కిలోల గాలి కావాలి.

3200 ఆర్‌పీఎం దగ్గర నీ ఇంజిన్ నిమిషానికి మూడున్నర ఘనపు మీటర్ల గాలి పీలుస్తుంది. ఇంటర్‌కూలర్ పెట్టి ఆ గాలిని 60 డిగ్రీలకి చల్లార్చగలిగితే, 9 కిలోలు పట్టడానికి కావాల్సిన బూస్ట్, అంటే బయటి గాలి మీద టర్బో అదనంగా పెంచే ప్రెషర్, సుమారు 1.4 బార్. పాత మీటర్ భాషలో 20 పీఎస్ఐ. ఒక మంచి టర్బో ఈ బూస్ట్ హాయిగా ఇస్తుంది. దీనికి రెండో టర్బో కట్టడమంటే బిందెడు నీళ్లకి రెండు మోటార్లు పెట్టడమే.

ఇంటర్‌కూలర్ లేకపోతే ఈ లెక్కంతా తప్పుతుంది. అదే 1.4 బార్‌కి గాలిని నొక్కితే, బయట 35 డిగ్రీలుంటే టర్బో నుంచి వచ్చే గాలి 160 డిగ్రీలుంటుంది. మన మే నెల ఎండలో 175 దాకా పోతుంది. వేడి గాలి పల్చగా ఉంటుంది. మీటర్ మీద ప్రెషర్ కనిపిస్తుంది, సిలిండర్‌లోకి చాలినంత ఆక్సిజన్ పోదు. బూస్ట్ మీటర్ చూసి మురిసిపోయి, పిస్టన్ పాడుచేసుకుని వచ్చిన వాళ్లని చాలామందిని చూశాను.

ఇక నువ్వు అడగని విషయం. అసలు కష్టం గాలి దగ్గర కాదు, పంపు దగ్గర. నీ ఇంజిన్ 63 హార్స్‌పవర్ ఇచ్చేటప్పుడు, పంపుని పరీక్షించే బెంచి మీద చూస్తే 1000 స్ట్రోకులకి ఒక్కో లైన్‌లో 37 సీసీ దరిదాపుల్లో డీజిల్ పడాలి. 150 రావాలంటే అది 84 సీసీ. రెట్టింపు కంటే ఎక్కువ. స్క్రూ తిప్పి పెంచుతాననుకుంటున్నావేమో. స్క్రూ కొంతవరకే వస్తుంది. ఆ తర్వాత పంపు లోపల డీజిల్‌ని నొక్కే ఎలిమెంట్ సైజు చాలదు. ఎలాగో పెంచినా, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే కంపెనీ నాజిల్ చిన్న రంధ్రాల్లోంచి అంత డీజిల్ పోయేసరికి పిస్టన్ సగం దూరం దిగిపోతుంది. అప్పుడు మండిన డీజిల్ బండిని తోయదు, సిలిండర్ల ఎగ్జాస్ట్‌ని పోగుచేసే మానిఫోల్డ్‌ని ఎర్రగా కాలుస్తుంది. కాబట్టి పంపు, నాజిళ్లు ముందు. టర్బో తర్వాత. నా షాపు పని అదే కాబట్టి ఇలా చెబుతున్నానని అనుకోవద్దు, మీ ఊరి దగ్గర బెంచి ఉన్న ఏ పంపు షాపుకైనా వెళ్లి అడుగు.

ఇంకోటి. 3200 దగ్గర 150 అంటే టార్క్ 330 న్యూటన్ మీటర్లు దాటుతుంది. కంపెనీ ఇచ్చింది 180. క్లచ్ మొదటి రోజే జారుతుంది. గేర్‌బాక్స్ కొంచెం ఆలస్యంగా మాట్లాడుతుంది. నేనైతే 100 దగ్గర ఆపమంటాను. దున్నిన పొలంలో 100 అంటే తక్కువేం కాదు.

సరే, రెండు టర్బోలు ఎప్పుడు కావాలి? ఒక్క టర్బోతో రెండున్నర బార్ బూస్ట్ దాటాలన్నప్పుడు. ఒకే చక్రంతో అంత నొక్కాలంటే అది తన హద్దు దాటి తిరగాలి. గాలి విపరీతంగా కాగుతుంది, చక్రం పగలొచ్చు. చిన్న టర్బోలు నిమిషానికి రెండు లక్షల చుట్లు తిరుగుతాయి. పగిలిన ముక్క బానెట్ చీల్చుకుని బయటికి రావడం నేను కళ్లారా చూశాను.

రెండింటితో నొక్కడం ఎలాగో తెలియాలంటే పుస్తకాలు అక్కర్లేదు, మీ ఊళ్లో పంక్చర్ షాపుకి వెళ్లు. అక్కడి కంప్రెసర్ హెడ్ చూడు. ఒక సిలిండర్ లావుగా, ఒకటి సన్నగా ఉంటుంది. లావుది బయటి గాలి పీల్చి కొంత నొక్కుతుంది. ఆ గాలి రెక్కల గొట్టంలో చల్లారి సన్నదాంట్లోకి పోతుంది. సన్నది దాన్ని మళ్లీ నొక్కి ట్యాంక్‌లోకి తోస్తుంది. కాంపౌండ్ టర్బో అంటే సరిగ్గా ఇదే. పెద్ద టర్బో ముందు గాలి పీలుస్తుంది, చిన్నది దాన్ని మళ్లీ నొక్కుతుంది. ఎగ్జాస్ట్ దీనికి తిరగేసి వెళ్తుంది: ఇంజిన్ నుంచి ముందు చిన్నదాని చక్రాన్ని తిప్పి, మిగిలిన వేగంతో పెద్దదాన్ని తిప్పి సైలెన్సర్‌లోకి పోతుంది.

ఇక్కడ అందరూ పొరబడే లెక్క ఒకటుంది. రెండు టర్బోల బూస్ట్ కూడుకోదు, గుణించుకుంటుంది. బయటి గాలిని 1 అనుకో. పెద్దది దాన్ని రెట్టింపు చేస్తే 2. చిన్నది దాన్ని మళ్లీ రెట్టింపు చేస్తే 4. మీటర్ బయటి గాలిని లెక్కపెట్టదు కాబట్టి 3 బార్ చూపిస్తుంది, అంటే 43 పీఎస్ఐ పైన. ఒక్కో టర్బో మాత్రం తనకి అలవాటైన రెట్టింపు పనే చేస్తోంది. ఏదీ హద్దు దాటలేదు. కాంపౌండ్ అందమంతా అందులోనే ఉంది.

రెండు టర్బోలంటే ఇదొక్కటే పద్ధతి కాదులే. ఒకే సైజువి రెండు పక్కపక్కన పెట్టి సగం సిలిండర్లు దీనికి, సగం దానికి ఇవ్వడం ప్యారలల్. వీ6, వీ8లకి బాగుంటుంది, వరసగా ఉన్న నాలుగు సిలిండర్లకి దండగ. ఇక చిన్నది తక్కువ స్పీడులో, పెద్దది ఎక్కువ స్పీడులో పనిచేసేలా మధ్యలో వాల్వులు పెట్టే పద్ధతి. 2004లో బీఎండబ్ల్యూ 535డీలో వచ్చింది, మూడు లీటర్ల డీజిల్‌కి 272 హార్స్‌పవర్. ఆ వాల్వులు ఎప్పుడు ఎంత తెరవాలో కంప్యూటర్ చూసుకుంటుంది. మన షెడ్డులో అది కుదరదు. ఇంట్లో కట్టగలిగింది కాంపౌండ్ ఒక్కటే.

నీ టర్బోల సంగతికి వస్తాను. పెద్దది చిన్నదానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల గాలి ఇచ్చేదిగా ఉంటే జోడీ కుదురుతుంది. నీ చిన్నది 1.3 లీటర్ల కారుది. నీ ఇంజిన్ ఎగ్జాస్ట్ మొత్తం దాని ఇరుకు మూతిలోంచి పోవాలంటే మానిఫోల్డ్‌లో ప్రెషర్ కట్టుకుని ఊపిరాడదు. పెద్దది ఆరు లీటర్ల దరిదాపు ఇంజిన్‌కి చేసింది. నీ రెండున్నర లీటర్ల ఎగ్జాస్ట్‌కి అది బద్ధకంగా తిరుగుతుందే తప్ప గాలి నొక్కదు. రెండోదాన్ని మోయడం తప్ప లాభం ఉండదు.

సరైన ఇంజిన్ మీద ఇది ఎలా ఉంటుందో మా మేనల్లుడు చూపించాడు. వాడు టెక్సాస్‌లో ఉంటాడు, 1997 డాడ్జ్ రామ్ కొన్నాడు. అందులో ఉన్నది కమిన్స్ 5.9 లీటర్ల 6బీటీ. మనకి కొత్తది కాదు, జంషెడ్‌పూర్‌లో టాటా కమిన్స్ తయారుచేసి టాటా లారీలకి వేసినదీ ఆ 6బీటీనే. అందుకే వాడు వీడియో కాల్‌లో బానెట్ ఎత్తితే నాకు సొంత షాపులో ఉన్నట్టే అనిపించింది. దానికి బాష్ పీ7100 ఇన్‌లైన్ పంపు. ఎంత డీజిల్ అడిగితే అంత ఇస్తుంది. కంపెనీ ఇచ్చిన హోల్‌సెట్ హెచ్‌ఎక్స్35 టర్బోని చిన్నదిగా ఉంచి, దాని వెనక పెద్దది పెట్టాడు. ఆ ఇంజిన్‌కి, ఆ పంపుకి, ఆ బరువుకి కాంపౌండ్ న్యాయమే.

మూడు వారాలు మహారాజులా నడిచింది. తర్వాత ఒక రోజు ఫోన్. "మామయ్యా, రేడియేటర్ పైపు రాయిలా గట్టిగా ఉంది, నీళ్లు బయటికి తన్నేస్తోంది." బూస్ట్ ఎంత పెడుతున్నావురా అంటే 45 పీఎస్ఐ అన్నాడు. హెడ్ బోల్టులు? పాతవే. ఇంకేముంది, హెడ్ కాస్త లేచి, గ్యాస్కెట్ పోయి, సిలిండర్ ప్రెషర్ నీళ్లలోకి వెళ్తోంది. హెడ్ దించి, ఫేసింగ్ చేయించి (అంటే ముఖం చదును చేయించి), బోల్టుల బదులు గట్టి స్టడ్‌లు వేశాక నిలిచింది. బోల్టులు ముందే మార్చమని నేను చెప్పాను, చెప్పలేదని కాదు. వయసులో ఎవరూ వినరు.

ఇంత చెప్పాక కూడా ఒక మంచి జోడీ సంపాదించి కాంపౌండే కడతానంటే, ఇంట్లో కట్టినవి చెడేది ఎక్కువగా రెండు చోట్ల.

ఒకటి, ఆయిల్ వెనక్కి దిగే పైపు. టర్బోకి ఆయిల్ ప్రెషర్‌తో వెళ్తుంది, కానీ తిరిగి రావడం కేవలం దాని బరువుతోనే. నీళ్ల ట్యాంక్ నుంచి కుళాయికి దిగినట్టు. పైపు లావుగా ఉండాలి, దారి పొడుగునా కిందికే వాలాలి, ఎక్కడా బొజ్జ పడకూడదు, సంప్‌లో, అంటే ఇంజిన్ కింది ఆయిల్ తొట్టిలో, ఆయిల్ మట్టానికి పైనే కలవాలి. టర్బోలో సీలు అని మనం పిలిచేది రబ్బరు కాదు, సన్నని రింగు. ఆయిల్ దిగకుండా నిలిస్తే ఆ రింగుని దాటుకుని గాలి పైపులోకి, అక్కడి నుంచి ఇంజిన్‌లోకి పోతుంది. రెండో టర్బోకి చోటు లేక అందరూ దాన్ని కిందికి దించుతారు, అక్కడే పైపుకి వాలు చాలదు.

ఇది నాకు నేర్పింది 2008. ఆరు సిలిండర్ల లారీ ఇంజిన్ ఒకటి స్టాండ్ మీద పెట్టి సరదాకి కాంపౌండ్ కట్టాను. పెద్ద టర్బో డ్రెయిన్ పైపు జానెడు పొడవు ఎక్కువైంది, కత్తిరించడానికి బద్ధకించి వదిలేశాను. అది మధ్యలో ఊయలలా జారింది. స్టార్ట్ చేసి పది నిమిషాలకి ఆర్‌పీఎం దానంతటదే పెరగడం మొదలైంది. స్టాప్ లివర్ లాగాను. ఆగలేదు. డీజిల్ ఆగినా తన ఆయిల్ తానే తాగి పరిగెడుతోంది. షెడ్డంతా నీలంపొగ, ఎదురుగా ఉన్న మనిషి కనిపించడం లేదు. మా కుర్రాడు గాలి మూతికి గోనెసంచి అడ్డం పెట్టాడు. పెట్టిన క్షణంలో సంచి లోపలికి పోయింది. చేతికి దొరికిన రేకు టూల్‌బాక్స్ మూత పీకి నేను మూతి మీద కొట్టి పట్టుకున్నాను. దగ్గి, ఒక్కసారి ఊగి, ఆగింది. పెద్ద టర్బో చక్రం నిండా జనపనార చుట్టుకుని ఉంది.

కాబట్టి మొదటిసారి స్టార్ట్ చేసేముందే గాలి పైపులో ఒక జారుడు రేకు గేటు పెట్టు, లాగితే మూతి పూర్తిగా మూసుకునేలా. కనీసం మూతికి సరిపడే మందపాటి చెక్క పక్కన ఉంచు. చేయి మాత్రం అడ్డం పెట్టకు.

రెండు, వేడి పైపు. చిన్న టర్బో నుంచి పెద్దదానికి ఎగ్జాస్ట్ తీసుకెళ్లే పైపు. అర మీటరు స్టీలు పైపు 600 డిగ్రీలు వేడెక్కితే నాలుగైదు మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. రెండు చివర్లా బిగించేస్తే ఆ నాలుగైదు మిల్లీమీటర్లు ఎటు పోతాయి? మానిఫోల్డ్ చెవిని విరుస్తాయి, లేదా టర్బో హౌసింగ్‌ని పగలగొడతాయి. ఆ పైపులో స్టీల్ బెల్లోస్ (ముడతలతో సాగి ముడుచుకునే ముక్క) ఒకటి ఉండాలి. పెద్ద టర్బో బరువు ఆ పైపు మోయకూడదు, దానికి ఇంజిన్ బ్లాక్ నుంచి విడిగా బ్రాకెట్ ఇవ్వు. చాసిస్ నుంచి ఇవ్వకు, ఇంజిన్ ఊగితే చాసిస్ ఊగదు కదా.

చిన్నదాని వేస్ట్‌గేట్ (ఎక్కువైన ఎగ్జాస్ట్‌ని చక్రానికి తగలకుండా పక్కకి తప్పించే తలుపు) బాగా పెద్దది కావాలి, దాంట్లోంచి తప్పించిన ఎగ్జాస్ట్ బయటికి వదలకుండా పెద్దదాని మూతికే ఇవ్వాలి. గాలి వైపు జాయింట్లకి రేడియేటర్ రబ్బరు పైపులు వద్దు. నీ 3 బార్ గాలి 200 డిగ్రీలు దాటి ఉంటుంది, సిలికాన్ పైపులే వాడు, పైపు చివర అంచు కట్టించు, లేకపోతే తూటాలా ఊడి వస్తుంది.

మీటర్లు మూడు తప్పనిసరి. బూస్ట్ మీటర్ అందరూ పెడతారు. టర్బో ముందు మానిఫోల్డ్‌లో థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టి ఎగ్జాస్ట్ వేడి చూడాలి. నిలకడగా 700 డిగ్రీలు దాటితే కాలు తీసేయి, అల్యూమినియం 660కే కరుగుతుందని గుర్తుపెట్టుకో. పిస్టన్ ఇంకా బతికి ఉందంటే కింద నుంచి ఆయిల్, పక్క నుంచి నీళ్లు చల్లారుస్తున్నాయి కాబట్టే. మూడోది ఎవరూ పెట్టరు: మానిఫోల్డ్‌లో ఎగ్జాస్ట్ ప్రెషర్. ఖరీదు లేదు. మానిఫోల్డ్‌కి చిన్న రంధ్రం వేసి, మీటరు పొడవు రాగి గొట్టం చుట్టలు చుట్టి, చివర మామూలు ప్రెషర్ గేజ్ పెట్టు. చుట్టల్లో వేడి దిగిపోతుంది, గేజ్ కాలదు. బూస్ట్ 2 బార్ ఉంటే ఇది 2 నుంచి 3 మధ్య ఉంటే ఫర్వాలేదు. 4 చూపిస్తే చిన్న టర్బో ఇంజిన్ గొంతు పట్టుకుందని అర్థం.

రోడ్డెక్కించనన్నావు, మంచిది. ఆ మాట మీదే ఉండు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాశారు. జరిమానా కంటే నాకు భయం ఇన్సూరెన్సు. రోడ్డు మీద ఏదైనా జరిగితే వాళ్లు ముందు చూసేది ఇలాంటి మార్పులే.

చివర్లో అడిగావు, పోత మానిఫోల్డ్‌ని మామూలు రాడ్‌తో వెల్డ్ చేయొచ్చా అని. వద్దు. అతుకుతుంది, చల్లారేటప్పుడు పక్కనే టిక్ అని పగులుతుంది. తప్పదంటే నికెల్ రాడ్ తెచ్చుకుని, మొత్తం మానిఫోల్డ్‌ని 250, 300 డిగ్రీలకి కాల్చి, అంగుళం చొప్పున వేసి సుత్తితో మెల్లగా కొడుతూ, అయ్యాక బూడిదలో కప్పి రాత్రంతా వదిలేయి. నేనైతే పోతది పక్కన పెట్టి, మందం గోడ ఎంఎస్ (మామూలు మెత్తటి స్టీలు) పైపు ముక్కలతో కొత్తది కడతాను. హెడ్‌కి బిగించే పట్టీ, అంటే ఫ్లాంజ్, 12 మిల్లీమీటర్లది తీసుకో. వెల్డ్ చేసేటప్పుడు ఫ్లాంజ్‌ని ఒక పాత హెడ్‌కి బిగించి ఉంచు, లేకపోతే అరటి ఆకులా వంగుతుంది. పూర్తిగా చల్లారాకే విప్పి, ఫేసింగ్‌కి పంపు.